తుపాకీ దాకా తీసుకెళ్లేది ఏమిటి? బస్తర్ నుంచి ఒక జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఘర్షణలు నడిచే ప్రాంతాల్లో మామూలు కుర్రాళ్లు సాయుధ తీవ్రవాదంలోకి ఎందుకు వెళ్తారు? పేదరికం వల్లా, సిద్ధాంతం వల్లా, ఎవరో బ్రెయిన్‌వాష్ చేయడం వల్లా? పరిశోధన కోసం అడుగుతున్నానన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. భద్రాచలం ఏజెన్సీలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట, ఆ రాష్ట్ర దక్షిణ భాగమైన బస్తర్ నుంచి వలస వచ్చిన కోయ కుటుంబాల మధ్య ఆరోగ్య కార్యక్రమాల్లో చాలా ఏళ్లు పనిచేశాను. మావోయిస్టుల సాయుధ దళంలో ఉండి వచ్చినవాళ్లతో, ఎస్పీవోలుగా (వాళ్లకు ఎదురుగా ప్రభుత్వం తుపాకులిచ్చి పెట్టుకున్న స్థానిక స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా) చేసినవాళ్లతో, ఏ వైపూ వెళ్లలేక ఊరే వదిలేసినవాళ్లతో మాట్లాడే అవకాశం దొరికింది. అందుకే ఎక్కువగా బస్తర్ గురించే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. మీరు చెప్పిన మూడింటికీ పాత్ర ఉంది కానీ, వాటిలో ఏదీ ఒంటరిగా మనిషిని ఇల్లు దాటించదు. తనకో తనవాళ్లకో అన్యాయం జరిగినప్పుడు చెప్పుకోవడానికి చోటు ఉండదు. సరిగ్గా అప్పుడే వినేవాడొకడు, చేతిలో తుపాకీతో, ఊరి పక్కనే ఉంటాడు. ఈ రెండూ కలిసిన చోటే మనిషి కదులుతాడు. బాధ ఎంత పెద్దదన్న దానికంటే, ఆ బాధ ఎవరి దగ్గరికి పోయిందన్నదే ఎక్కువ తేల్చేస్తుంది.

పేదరికం సంగతి చూడండి. ఒకే ఇంట్లో, ఒకే రెండెకరాల పోడు మీద బతికిన అన్నదమ్ముల్లో ఒకరు దళంలోకి, ఒకరు ఎస్పీవోగా, మూడోవాడు ఖమ్మం జిల్లాకు మిర్చి ఏరడానికి వెళ్లిన కుటుంబాలు సరిహద్దు గూడేల్లో ఉన్నాయి. ముగ్గురి పేదరికం ఒకటే, భాష ఒకటే, దేవుళ్లు కూడా ఒకటే. తేడా ఎక్కడుందని ఆరా తీస్తే ఎప్పుడూ ఏదో ఒక సంవత్సరం దగ్గరికి, ఏదో ఒక సంఘటన దగ్గరికి, అప్పుడు పక్కన ఎవరున్నారన్న దగ్గరికే వెళ్లి ఆగుతుంది. పేదరికం వల్ల చేయగల పనులు తగ్గిపోతాయి, అంతవరకు నిజం. మిగిలినవాటిలో ఏది ఎంచుకుంటాడో మాత్రం అది చెప్పదు.

ఇక సిద్ధాంతం. ఇక్కడ తెలుగువాళ్లం తరచూ ఒక గందరగోళంలో పడతాం. మనకు తెలిసిన పేర్లన్నీ నాయకులవి. 2025 మే 21న నారాయణ్‌పూర్ జిల్లా అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటవాడు, వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివినవాడు. ఆయన తరం వాళ్లు క్యాంపస్‌లో చదువుకుని, ఎమర్జెన్సీ చూసి, చర్చలు చేసి, ఒక నిర్ణయానికి వచ్చి వెళ్లారు. వాళ్ల విషయంలో సిద్ధాంతం ముందు, తుపాకీ తర్వాత. సుక్మాలోనో బీజాపూర్‌లోనో పదిహేనేళ్లకు మావోయిస్టుల ఊరి సంఘంలో చేరిన కోయ పిల్లవాడి దారి దీనికి పూర్తిగా తలకిందులు. ముందు చేరాడు, తర్వాత అక్కడే అక్షరాలు నేర్చుకున్నాడు, ఆ తర్వాతెప్పుడో సిద్ధాంతం విన్నాడు. నాయకుడి జీవితకథ చూపించి కార్యకర్త ఎందుకు వెళ్లాడో వివరించబోతే లెక్క తప్పుతుంది. ఈ రెండు ప్రయాణాలనూ మీ పరిశోధనలో విడివిడిగా పెట్టుకోండి.

చెప్పుకునే చోటు లేకపోవడం అంటున్నాను కదా, దానికి మన దగ్గరే పాత ఉదాహరణ ఉంది. 1967 అక్టోబర్ 31న శ్రీకాకుళం ఏజెన్సీలో మొండెంఖల్ గిరిజన సంఘం మహాసభకు నడిచి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. అప్పటికి ఏళ్లుగా ఆ సంఘం చేస్తున్నవి ఊరేగింపులు, కూలి రేట్ల పోరాటాలు, అర్జీలు. కేసు కోర్టుకు వెళ్లింది, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత 1968 చివర్లో గరుడభద్రలో పంట స్వాధీనంతో సాయుధ దశ మొదలైంది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కట్టడి చేసే 1/70 చట్టం 1970లో వచ్చింది. అదే ఏడాది జూలైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. ఏజెన్సీలో ఇప్పటికీ అందరికీ తెలిసిన ఆ చట్టం మూడేళ్ల ముందు వచ్చి, లేవిడి కేసులో శిక్ష పడి ఉంటే ఆ అడవిలో ఎంతమంది బతికేవాళ్లోనన్న ఆలోచన నన్ను వదలదు.

బస్తర్‌లో మొదలు వేరుగా ఉంది. 1980లో నక్సలైట్ల పీపుల్స్ వార్ పార్టీ ఏర్పడ్డాక తెలంగాణ నుంచి దళాలు గోదావరి దాటి బస్తర్‌కు, గడ్చిరోలికి వెళ్లాయి. అప్పట్లో అక్కడి జనానికి ప్రభుత్వం అంటే ఫారెస్టు గార్డు, పట్వారీ, పోలీసు. పోడు కొడితే మామూలు, ఇంటికి కలప తెచ్చుకుంటే మామూలు, కోడి, మేక, కల్లు, కొన్నిచోట్ల ఆడపిల్లల మీద చెయ్యి. తునికాకు 50 ఆకుల కట్టకు కాంట్రాక్టరు పైసల్లో లెక్కగట్టేవాడు, కల్లం దగ్గర లెక్కలోనూ కోతే. దళం వచ్చి మార్క్సిజం పాఠంతో మొదలుపెట్టలేదు. తునికాకు రేటు పెంచమని కాంట్రాక్టరుతో మాట్లాడింది, గార్డును ఊళ్లోకి రానివ్వలేదు. రేటు పెరిగింది, గార్డు ఆగాడు. దాదాలకు (దళం వాళ్లను అక్కడ పిలిచే పేరు) చెబితే పని జరుగుతుందన్న నమ్మకం అక్కడ పుట్టింది. తర్వాత భూమి తగాదాలు, పెళ్లి తగాదాలు కూడా వాళ్ల దగ్గరికే వెళ్లాయి. జనతన సర్కార్ పేరుతో వాళ్లు పెట్టిన గ్రామ పాలనకు పునాది అదే.

ఆ నమ్మకానికి ఒక చీకటి పక్కా ఉంది. వినేవాడి చేతిలో తుపాకీ ఉన్నప్పుడు వాడి తీర్పు మీద అప్పీలు ఉండదు. ఇన్ఫార్మర్ అన్న అనుమానం మీద ప్రజాకోర్టు పెట్టి చంపిన మనుషుల్లో ఎక్కువమంది ఆ ఊళ్ల ఆదివాసీలే. ఊరి మాఝీలు, పటేళ్లు, కొంచెం చదువుకున్నవాళ్లు, పట్నానికి పదేపదే వెళ్లొచ్చినవాళ్లు. ఆ ఇళ్ల పిల్లలకు చెప్పుకోవడానికి ఎక్కడుంది చోటు? స్టేషన్ నలభై కిలోమీటర్లు, వెళ్లొచ్చాడని తెలిస్తే తర్వాత వాళ్ల వంతు. వాళ్లకూ ఒక తుపాకీ కావాలి. ఆ తుపాకీ 2005లో దొరికింది.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బస్తర్‌లో ఏ సిద్ధాంతమూ చేర్చనంత మందిని రెండు వైపులా చేర్చింది సల్వా జుడుం. 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మొదలైంది. పైకి మావోయిస్టులకు వ్యతిరేకంగా జనం చేస్తున్న శాంతి ఉద్యమం. ప్రతిపక్ష కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందు నడిచాడు, బీజేపీ ప్రభుత్వం వెనక నిలబడింది. వందల గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని దోర్నపాల్, కోంటా, ఎర్రబోరు లాంటి రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు, ఇంకొందరు అడవి లోపలికి పారిపోయారు, వేలమంది సరిహద్దు దాటి మన ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి జిల్లాలకు వచ్చారు. ఇక్కడ గుత్తికోయలని పిలిచేది వాళ్లనే.

అప్పటిదాకా ఊళ్లో చాలామంది ఇద్దరికీ అన్నం పెట్టి, ఇద్దరికీ దండం పెట్టి నెట్టుకొచ్చినవాళ్లు. ఆ మధ్య చోటు ఆ ఏడాదితో పోయింది. శిబిరానికి రానివాడు నక్సలైటు, వెళ్లినవాడు ద్రోహి. ఇల్లు కాలిన కుర్రాడు మావోయిస్టుల గ్రామ మిలీషియాలోకి వెళ్లాడు. తండ్రిని ప్రజాకోర్టులో పోగొట్టుకున్న కుర్రాడు ఎస్పీవో అయ్యాడు, మొదట్లో నెలకు 1500 రూపాయల గౌరవ వేతనం మీద. రెండు వైపులా పద్దెనిమిది కూడా నిండనివాళ్లు ఉన్నారు. ఈ ఘర్షణలో రెండు వైపులా పిల్లల్ని వాడుకున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లోనే రాసింది. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేస్తే 30 మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. 2007 మార్చిలో రాణీబోద్లి పోలీసు క్యాంపు మీద దాడిలో చనిపోయిన 55 మందిలో 39 మంది ఎస్పీవోలు. ఎస్పీవోలంటే స్థానిక కుర్రాళ్లే. చంపినవాళ్లలో చాలామందీ అంతే.

దళంలోకి వెళ్లినవాడినీ, ఎస్పీవో అయినవాడినీ నేను వేర్వేరు రకాల మనుషులుగా చూడలేను. కారణాలు అడిగితే ఇద్దరి మాటలూ దాదాపు ఒకేలా ఉంటాయి: మావాడిని చంపారు, ఊళ్లో ఉండనివ్వలేదు, తెలిసినవాళ్లు అక్కడున్నారు, చేతిలో ఏదో ఒకటి ఉంటే బతుకుతామనుకున్నాం. తీవ్రవాదానికి కారణాలు వెతికేవాళ్లు ఒక వైపు వాళ్లనే ఇంటర్వ్యూ చేస్తారు, అందుకే వాళ్లకు ఈ పోలిక కనబడదు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఐదో తరగతి చదువుకున్న ఆదివాసీ కుర్రాళ్లకు తుపాకులిచ్చి ఇలా వాడటం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి వాళ్లనే సహాయక సాయుధ దళంగా మార్చుకుంది. స్థానికులతో నడిచే పోలీసు దళం డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్)లోనూ లొంగిపోయిన మావోయిస్టులు చాలామంది. 2023 ఏప్రిల్‌లో అరన్‌పూర్ దగ్గర మందుపాతరకు బలైన 10 మంది జవాన్లలో కొందరు ఒకప్పుడు అటువైపు పనిచేసినవాళ్లే.

ఇది బస్తర్ ప్రత్యేకతేమీ కాదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2017లో ఆఫ్రికా మీద ఒక అధ్యయనం ప్రచురించింది. బోకో హరామ్, అల్ షబాబ్ లాంటి సంస్థల్లో తమంతట తాము చేరిన 495 మందిని అడిగితే, చివరగా తమను కదిలించింది ప్రభుత్వ చర్యేనని 71 శాతం చెప్పారు. ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో చంపడం, అరెస్టు చేయడం లాంటివి. నైజీరియాలో బోకో హరామ్ స్థాపకుడు మొహమ్మద్ యూసుఫ్ 2009 జూలైలో పోలీసు కస్టడీలో చనిపోయాక ఆ సంస్థ ఎంత క్రూరంగా మారిందో లోకం చూసింది. అక్కడ మతం, ఇక్కడ ఎర్రజెండా. కింది స్థాయి కుర్రాడు చెప్పే మాట మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది.

బ్రెయిన్‌వాష్ అనే మాట గురించి. చేరడం ఒక్కరోజులో జరగదు, అపరిచితుల వల్ల అసలే జరగదు. ఊళ్లో మావోయిస్టుల బాల సంఘం ఉండేది, మేనమామ కొడుకు అందులో ఉండేవాడు. వాళ్ల సాంస్కృతిక బృందం చేతన నాట్య మంచ్ వాళ్లు వచ్చి గోండీలో, కోయలో పాటలు పాడేవాళ్లు, డప్పు ఉండేది, రాత్రంతా ఆట ఉండేది. బడి లేని ఊళ్లో పిల్లలకు అదే మొదటి బడి. ఉన్న బడుల్ని మావోయిస్టులు కొన్నిచోట్ల పేల్చేశారు, కొన్నిచోట్ల బలగాలు వాటిలోనే మకాం పెట్టాయి. అలా సంఘం, మిలీషియా, దళం అని మెట్టు మెట్టుగా వెళ్లేవాళ్లు. ఇంటికొకరు రావాలని బలవంతం చేసిన ఊళ్లూ ఉన్నాయి, దాన్ని దాచకూడదు.

ఆడపిల్లల సంగతి వేరే. దళాల్లో వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి వెళ్లామని చెప్పినవాళ్లు నాకు తారసపడ్డారు. ఊళ్లో ఆ పిల్ల మాటకు విలువలేదు, దళంలో యూనిఫాం వేసుకుంటే తండ్రి వయసువాడు కూడా లేచి నిలబడతాడు. ఈ కోణం పోలీసు ఫైళ్లలో ఉండదు, విప్లవ సాహిత్యంలో ఉన్నా పొగడ్త కిందే ఉంటుంది. మీరు అమ్మాయి కాబట్టి ఈ కుటుంబాల్లోని ఆడవాళ్లు మీతో మాట్లాడతారు. ఆ భాగాన్ని మీరే బాగా రాయగలరు.

చేరాక బయటికి రాలేకపోవడం మరో కథ. తిరిగొస్తే పార్టీ ఇన్ఫార్మర్ అంటుంది, పోలీసులు కేసు పెడతారు, ఊరైతే చాలాసార్లు ఉండనే ఉండదు. దళంలో పెళ్లి చేసుకోవాలంటే మగవాళ్లు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చేది. లొంగిపోయాక తిరిగి పిల్లలు పుట్టేలా ఆపరేషన్ చేయించమని అడిగినవాళ్లున్నారు, ప్రభుత్వాలు చేయించాయి కూడా. పునరావాసం అంటే చెక్కు, ఇంటి పట్టా అనుకునేవాళ్లు ఈ విషయం ముందుగా తెలుసుకోవాలి. మామూలు జీవితం వెనక్కి దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే మనిషి అడవి దిగుతాడు.

న్యాయం ఆలస్యమైతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కెగూడలో విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న జనం మీద బలగాలు కాల్పులు జరిపితే 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక బయటపెట్టింది, కానీ అది వెలుగులోకొచ్చేసరికి 2019. రెండోది బుర్కాపాల్. 2017 ఏప్రిల్‌లో అక్కడ 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు చంపారు. ఆ కేసులో పట్టుకున్న 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో దంతెవాడ కోర్టు నిర్దోషులని వదిలేసింది. అప్పటికి వాళ్లు జైల్లో ఐదేళ్లు గడిపారు. చనిపోయిన జవాన్ల కుటుంబాలకూ న్యాయం దొరకలేదు, జైలుకెళ్లిన కుటుంబాలకూ దొరకలేదు. తండ్రి జైల్లో ఉన్న ఆ ఐదేళ్లలో పదేళ్ల పిల్లవాడు పదిహేనేళ్లవాడవుతాడు. ఆ వయసు పిల్లవాడి కోసం వెతికేవాళ్లు అడవిలో ఎప్పుడూ ఉన్నారు.

మరి ఉత్తర తెలంగాణలో ఎందుకు తగ్గింది అని మీరు అడగొచ్చు. 1978లో జగిత్యాల, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజుల నుంచి చూస్తే మార్పు చాలా పెద్దది. 1989లో నక్సలైట్ల మీద ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ ఏర్పాటయ్యాక పోలీసుల బలం పెరిగింది, అది ఒక కారణం. అదొక్కటే అంటే నేను ఒప్పుకోను. దొరల గడీలు ఖాళీ అయ్యాయి, వెట్టి పోయింది, కుర్రాళ్లకు గల్ఫ్, బొంబాయి, హైదరాబాద్ దారులు తెరుచుకున్నాయి. లొంగిపోయినవాళ్లు ఊళ్లో బతకగలిగారు, కొందరు సర్పంచులయ్యారు. 2009 తర్వాత తెలంగాణ ఉద్యమం రోడ్డు మీద నిలబడి అరిచే చోటును లక్షలమందికి ఇచ్చింది. కోపం ఉంది, దానికి తుపాకీ అవసరం లేకుండా పోయింది. బస్తర్‌లో ఈ దారులేవీ ఇంత వెడల్పుగా తెరుచుకోలేదు.

ఇప్పుడు చాలామంది అంతా అయిపోయిందంటున్నారు. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనాయకుడు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయాడు, అదే వారంలో జగదల్‌పూర్‌లో 200 మందికి పైగా ఆయుధాలు అప్పగించారు. నవంబర్‌లో పువర్తి గ్రామానికి చెందిన మావోయిస్టు కమాండర్ హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. సంస్థ బలం కూలిందన్నది నిజమే. నాకు టెన్షన్ మాత్రం మరోచోట ఉంది. 2021 మే 17న బస్తర్‌లోని సిలింగేర్‌లో భద్రతా బలగాల కొత్త క్యాంపు వద్దని నిరసన తెలిపినవాళ్ల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి యువకులు మూల్‌వాసీ బచావో మంచ్ పేరుతో నెలల తరబడి ధర్నా చేశారు. విల్లు, బాణాలు పట్టుకుని డప్పు కొట్టుకుంటూ కూర్చున్నారు, అర్జీలిచ్చారు. దాని వెనక మావోయిస్టులున్నారని ప్రభుత్వం వాదించింది. 2024 అక్టోబర్‌లో ఆ సంస్థను నిషేధించింది. ఉన్నారనే అనుకుందాం. అయినా ఆ కుర్రాళ్లు చేసింది రోడ్డు మీద కూర్చోవడం. తుపాకీ వద్దనుకున్నవాళ్లకు ఆ చోటు కూడా లేకపోతే వాళ్ల తమ్ముళ్లు ఏం నేర్చుకుంటారు?

సరిహద్దుకు ఇటువైపు కూడా చూడండి. ములుగు, భద్రాద్రి జిల్లాల్లో పుట్టి పెరిగిన గుత్తికోయ పిల్లలు ఇప్పుడు ఇరవై ఏళ్లవాళ్లు. అక్కడ ఎస్టీలైన కుటుంబాలకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు, పోడుకు పట్టా లేదు, అటవీ శాఖతో గొడవలు తెగలేదు. వీళ్లు తీవ్రవాదులవుతారని నేను అనడం లేదు, అలా అనడం వాళ్లకు చేసే ద్రోహం. కుల ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి వెనక్కొచ్చే పిల్లవాడి సమస్యను ఎమ్మార్వో ఆఫీసులోనే తీర్చాలి అంటున్నాను, అంతే.

చివరగా మీ ఫీల్డ్‌వర్క్ గురించి. ఎందుకు చేరావు అని నేరుగా అడగకండి. లొంగిపోయినవాళ్లు ఆ ప్రశ్నకు పోలీసులకు చెప్పిన జవాబే మీకూ చెబుతారు: మాయమాటలు నమ్మాను, సిద్ధాంతం మీద విరక్తి పుట్టింది. సానుభూతిపరులు ఇంకో తయారు జవాబు చెబుతారు: ప్రజల కోసం. నీకంటే ముందు మీ ఊరి నుంచి ఎవరు వెళ్లారు, ఆ ఏడాది మీ ఇంట్లో ఏం జరిగింది, దాన్ని ఎవరికి చెప్పుకున్నారు, వాళ్లు ఏమన్నారు అని అడగండి. వెళ్లనివాళ్లను తప్పకుండా కలవండి. మిర్చి చేలల్లో కూలికి వచ్చిన తమ్ముడు చెప్పే మాటల్లో అన్నల గురించి మీకు కావాల్సింది ఎక్కువ ఉంటుంది. పేర్లు, ఊళ్లు మీ నోట్‌బుక్‌లో కూడా రాయకండి, ఫోన్‌లో రికార్డు చేయకండి. మీరు వెళ్లిపోయాక అక్కడే ఉండాల్సింది వాళ్లు. కోయ లేదా గోండీ తెలిసిన తోడును తీసుకెళ్లండి, ఆ తోడు ఏ వైపు కుటుంబానికి చెందినవాడో ముందే తెలుసుకోండి. భద్రాచలం వైపు వచ్చేటట్టయితే డిసెంబర్ తర్వాత రండి. మిర్చి కోతలు మొదలయ్యాక సరిహద్దు అవతలి వాళ్లు చాలామంది ఇటే ఉంటారు, మాట్లాడటానికి తీరిక రాత్రిపూటే దొరుకుతుంది.